పుట్టీనా, పైథానా, ఎస్‌డీ కార్డా: సెన్సర్ రీడింగులకు ఏది మేలు?

ఆర్డుయినో బోర్డు పంపే అంకెలు కంప్యూటర్లో సీరియల్ మానిటర్ అనే విండోలో పరుగెడుతుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది. వాటిని ఫైల్‌లో దాచుకోవాలనుకున్నప్పుడే చిక్కు. పోర్టులో వచ్చేదాన్ని ఫైల్‌లో రాసే పుట్టీ ప్రోగ్రామ్ చాలా, పైథాన్‌లో కోడ్ రాసుకోవాలా, బోర్డుకే ఎస్‌డీ కార్డు తగిలించాలా అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: రీడింగు పక్కన టైమ్ ఎవరు వేస్తారు?

ఇది దెబ్బ తిన్నాక నేర్చుకున్న ప్రశ్న. ఈమధ్య వేడినీ తేమనూ కొలిచే డీహెచ్‌టీ22 సెన్సర్‌ను ఆర్డుయినో ఊనో (ఆర్3) బోర్డుకి కలిపి, పుట్టీలో లాగింగ్ ఆన్ చేసి పడుకున్నాను. పుట్టీతో సుఖమేమిటంటే పోర్టు, బాడ్ రేటు (డేటా వేగం), ఫైల్ పేరు ఇస్తే అయిపోతుంది, కంప్యూటర్ వైపు కోడ్ అక్కర్లేదు. పొద్దున్న చూస్తే లైన్లు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. లెక్కపెడితే మాత్రం రావాల్సినవాటిలో చాలా లేవు. రీడింగు అందకపోతే ఆ లైను వదిలెయ్యమని స్కెచ్‌లో, అంటే బోర్డు ప్రోగ్రామ్‌లో, నేనే రాశాను మరి! ఏ గంటలో ఎన్ని పోయాయో తెలిసే దారి లేదు. పుట్టీ వచ్చిన అక్షరాలను అలాగే రాస్తుంది, టైమ్ వెయ్యదు.

టైమ్ కూడా బోర్డే పంపితే సరిపోదా అంటారు. ఊనోలో గడియారం లేదు. మిల్లిస్ ఫంక్షన్ చెప్పేది బోర్డు మొదలైనప్పటినుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్నదే. పైగా కంప్యూటర్లో పోర్టు తెరవగానే ఊనో మామూలుగా రీసెట్ అవుతుంది, లెక్క మళ్లీ సున్నా నుంచి. రీసెట్ కాకపోయినా సుమారు 49.7 రోజులకు అదే సున్నాకు తిరుగుతుంది.

అందుకే నా ఓటు పైథాన్‌కి. పైసీరియల్ అనే పైథాన్ లైబ్రరీతో లైను చదవడం, కంప్యూటర్ గడియారం చూసి ముందు టైమ్ చేర్చడం, సీఎస్‌వీలో (కామాలతో విడగొట్టిన ఫైల్‌లో) రాయడం: పదిహేను లైన్లు దాటదు. రాసిన ప్రతిసారీ ఫ్లష్ చెయ్యడం, అంటే మెమరీలో ఆగినదాన్ని వెంటనే ఫైల్‌లోకి తోయడం, మరవకండి. లేకపోతే చివరి కొన్ని వేల అక్షరాలు మెమరీలోనే ఉండి, ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగితే గాలికి పోతాయి. పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగి, మొదటి లైను పారెయ్యండి, అది తరచూ సగమే వస్తుంది. సీరియల్ మానిటర్ మూసెయ్యండి, కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా ఆపెయ్యండి.

పైథాన్ వేసే టైమ్ లైను కంప్యూటర్‌కు చేరిన టైమ్, కొలిచిన టైమ్ కాదు. 9600 బాడ్‌లో సెకనుకు దాదాపు 960 అక్షరాలే వెళ్తాయి కాబట్టి ఇరవై అక్షరాల లైనుకు 20 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. గది వేడికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మోటారు కంపనాలు కొలుస్తుంటే మాత్రం బాడ్ 115200కి పెంచి, మైక్రోస్ విలువ (మైక్రోసెకన్ల లెక్క) కూడా బోర్డు నుంచే పంపించాలి.

దగ్గర్లో కంప్యూటర్ పెట్టలేని చోట ఎస్‌డీ కార్డుకు సాటి లేదు. కానీ టైమ్ సంగతి మళ్లీ మొదటికే వస్తుంది, విడిగా గడియారం చిప్పు కావాలి. డీఎస్3231 పెడితే ఏడాదికి ఒక నిమిషం అటూఇటూ అవుతుంది, చాలు. ఊనోలో ఉన్నదే 2 కేబీ మెమరీ, ఎస్‌డీ లైబ్రరీ బఫర్‌కే (తాత్కాలిక నిల్వకే) 512 బైట్లు పోతాయి. ఇక్కడా ఫ్లష్ తప్పదు.

ఈఎస్‌పీ32 అనే బోర్డుతో వైఫై మీద పంపొచ్చు, టైమ్ కూడా నెట్ నుంచే వస్తుంది. ఒక్క సెన్సర్ కోసం అంత హంగామా నాకు నచ్చదు. సీరియల్ మానిటర్ నుంచి కాపీ కొట్టడం ఐదు నిమిషాల పరీక్షకు సరే.

మర్నాడు రాత్రి అదే సెన్సర్‌ను పైథాన్‌తో నడిపాను, ఈసారి అందని రీడింగుకు కూడా లైను రాయించి. ఖాళీలన్నీ తెల్లవారుజామున ఒకే గంటలో గుంపుగా కనిపించాయి. అలారం పెట్టుకుని ఆ టైమ్‌కి లేచి చూస్తే, బ్రెడ్‌బోర్డులో (వైర్లు గుచ్చే పలకలో) ఒక జంపర్ వైరు ఫ్యాన్ గాలికి ఊగుతోంది.