పైథాన్ పుస్తకం కొనబోయేవారికి హెచ్చరిక: ముద్రణ సంవత్సరం మీద కాగితం అంటించి అమ్ముతున్నారు

కోఠిలో పుస్తకాలు కొనేవారందరికీ తెలిసిన ఆ దుకాణాల వరుసలో, ఒక చోట నేను మూడు వారాల క్రితం పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్పే పుస్తకం 480 రూపాయలు పెట్టి కొన్నాను. ఈ సాయంత్రం ఆ పుస్తకం వెనక్కి ఇవ్వడానికి వెళ్లి, మాట పడి తిరిగి వచ్చాను. దుకాణం పేరు రాయడం లేదు. అయితే అక్కడ ఆ పుస్తకం ప్రతులు ఇంకా దొంతరగా ఉన్నాయి కాబట్టి, రేపు ఆ వైపు వెళ్లేవారి కోసం ఈ రాత్రే ఇది రాస్తున్నాను.

నేను బీకాం చదివి, ఒక ప్రైవేటు సంస్థలో పన్నెండేళ్లుగా అకౌంట్లు చూస్తున్నాను. నెలాఖరు లెక్కల పట్టికలు చేత్తో కూర్చే పని తగ్గించుకోవాలని పైథాన్ నేర్చుకుందామనుకున్నాను. అమీర్‌పేటలో కోచింగుకు చేరేంత తీరిక లేదు కనుక పుస్తకం కొన్నాను. మొదటిసారి నేర్చుకుంటున్నానని, ఇప్పుడు వాడుకలో ఉన్న పైథాన్ 3 పుస్తకమే కావాలని దుకాణదారుకు స్పష్టంగా చెప్పాను. ఆయన తడుముకోకుండా ఈ పుస్తకం తీసి, అట్ట మీద అంటించి ఉన్న ‘పైథాన్ 3, సరికొత్త ముద్రణ’ అనే స్టిక్కరును వేలితో చూపించి, ‘ఇప్పుడు అందరూ ఇదే కొంటున్నారు మేడమ్’ అన్నారు. నేను లోపలి పేజీలు తిరగేయలేదు, బిల్లు కూడా అడగలేదు. ఇంత జాగ్రత్తగా లెక్కలు చూసే మనిషిని ఆ రెండూ ఎలా మరిచానా అని ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇంటికి వచ్చి కంప్యూటర్లో పైథాన్ ఎక్కించుకుని, మొదటి పాఠంలో ఉన్న ఒక్క వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు కొట్టాను. ప్రింట్ అనే మాట, పక్కన కొటేషన్లలో నా పేరు, అంతే. ఎర్ర అక్షరాలలో తప్పు చూపించింది. బ్రాకెట్లు లేవని ఆ సందేశంలోనే ఉండడంతో బ్రాకెట్లు పెట్టి చూశాను, పని చేసింది. పుస్తకంలో అచ్చు తప్పు పడి ఉంటుందిలే అనుకుని ముందుకు సాగాను. మూడో పాఠంలో రెండు సంఖ్యలు అడిగి తీసుకుని వాటిని కూడి చూపించే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఇన్‌పుట్ అనే ఆదేశంతో 250 ఇచ్చాను, తరువాత 300 ఇచ్చాను. 550 రావలసిన చోట తెర మీద 250300 అని వచ్చింది. పుస్తకం పక్కన పెట్టుకుని, అక్షరం అక్షరం వేలితో పోల్చుకుంటూ, ఆ నాలుగు వరుసలను ఎన్నిసార్లు మళ్లీ కొట్టానో లెక్కలేదు. అన్నిసార్లూ 250300 మాత్రమే వచ్చింది. అంతకన్నా నన్ను ఎక్కువ గందరగోళపెట్టింది భాగహారం. ఏడును రెండుతో భాగిస్తే 3 వస్తుందని, దశాంశం కావాలంటే 7.0 అని రాయాలని పుస్తకం చెబుతోంది. నా కంప్యూటర్‌లో మాత్రం 3.5 వస్తోంది. రోజంతా అంకెలతో పని చేసే నాకు 3.5 సరైన జవాబని తెలియదా? అయినా పుస్తకం 3 అంటోంది కాబట్టి, ఈ భాషలో నాకు అర్థం కాని కిటుకు ఏదో ఉందని, అది పట్టుకునేంత తెలివి నాకు లేదని అనుకున్నాను. పదకొండు రాత్రులు, పిల్లలు పడుకున్నాక కూర్చుని, అలాగే అనుకుంటూ గడిపాను.

కంప్యూటర్ సైన్సు చదువుతున్న మా తమ్ముడు మొన్న ఆదివారం ఇంటికి వచ్చి, రెండు పేజీలు చూసి, ‘అక్కా, ఇది పైథాన్ 2 పుస్తకం’ అన్నాడు. పైథాన్ 3 వచ్చింది 2008 డిసెంబరులో. పాత భాషలోని లోపాలు సరిదిద్దే క్రమంలో, పాత ప్రోగ్రాములు కొత్త దానిలో నడవకపోయినా ఫరవాలేదని తెలిసే దానిని అలా తయారు చేశారు. పైథాన్ 2లో ప్రింట్‌కు బ్రాకెట్లు అక్కరలేదు, పూర్ణ సంఖ్యను పూర్ణ సంఖ్యతో భాగిస్తే దశాంశ భాగం పోతుంది, ఇన్‌పుట్‌తో తీసుకున్న సంఖ్య సంఖ్యగానే ఉంటుంది. పైథాన్ 3లో ఇన్‌పుట్ ఏది తెచ్చినా అక్షరాల వరుసగానే తెస్తుంది. అందుకే 250, 300 కూడకుండా ఒకదాని పక్కన ఒకటి చేరాయి. ముందు దానిని సంఖ్యగా మార్చుకోవాలి, ఆ మాట పైథాన్ 2 నాటి పుస్తకంలో ఉండదు. పాత పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు కూడా ఆగిపోయింది. అంటే నేను తప్పు చేయలేదు, కంప్యూటరూ తప్పు చేయలేదు, రెండూ సరిగానే ఉన్నాయి.

తమ్ముడు శీర్షిక పేజీ వెనుక వైపు చూశాడు. అక్కడ ముద్రణ వివరాలు ఉండవలసిన చోట తెల్ల కాగితపు ముక్క ఒకటి అంచులు కనబడకుండా అతికించి ఉంది. ఆ పేజీని ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుంటే, కాగితం కింద 2009 అనే అంకెలు తిరగబడి కనిపించాయి. గోటితో ఒక మూల లేపితే జిగురు ఇంకా తెల్లగా ఉంది, పసుపు రంగుకు కూడా తిరగలేదు.

ఈ రోజు ఆఫీసు నుంచి నేరుగా దుకాణానికి వెళ్లాను. గొడవ పెట్టుకోవాలని వెళ్లలేదు, మార్చి ఇస్తే చాలనుకున్నాను. పుస్తకం చూపించి విషయం చెప్పగానే, ‘పైథాన్ అయితే పైథానే మేడమ్, అమ్మిన పుస్తకం వాపసు తీసుకోము’ అన్నారు. పొరపాటున పాత ప్రతి ఒకటి కలిసి ఉంటుందేమోనని, బల్ల మీది దొంతరలో నుంచి ఇంకొకటి తీసి అదే పేజీ తెరిచాను. అదే చోట, అదే కొలతలో, అదే తెల్ల కాగితం. మూడోది తీస్తుండగా ఆయన నా చేతిలోని పుస్తకం లాక్కుని బల్ల లోపల పెట్టేశారు. ఆ లాక్కోవడంతో నాకు మొత్తం అర్థమైంది. పుస్తకంలో ఏముందో తెలియని మనిషి అలా లాక్కోడు. పక్కన నలుగురైదుగురు ఇంజనీరింగు పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు, ‘అకౌంట్లు రాసుకునేవాళ్లకు ఇవన్నీ ఎందుకమ్మా, రాకపోతే పుస్తకం మీద నెపం పెడతారు’ అన్నారు. నా నోట మాట రాలేదు. 480 రూపాయలు పోతే మళ్లీ సంపాదించుకుంటాను. పదకొండు రాత్రులు నాలో నేను అనుకుంటూ వచ్చిన మాటనే, నన్ను మోసం చేసిన మనిషి నలుగురిలో నా మొహం మీద అన్నాడు. అది మింగుడుపడడం లేదు.

అనుభవం ఉన్నవారికి ఇలాంటి పుస్తకం ఇస్తే మొదటి పేజీలోనే పట్టేసి పక్కన పడేస్తారు. ఏమీ తెలియని మనిషికి మాత్రం, తప్పు పుస్తకంలో ఉందా తనలో ఉందా తెలుసుకునే దారే ఉండదు. అటువంటివారిని చూసి మరీ ఇవి అంటగడుతున్నారు. ఎంతమంది ఇంటర్ పిల్లలు ఇలాగే నాలుగో పాఠం దగ్గర ఆగిపోయి, ఇక మనకు రాదని మానేసి ఉంటారో తలుచుకుంటే కడుపు రగిలిపోతోంది.

కొనే ముందు అట్ట మీది స్టిక్కరును నమ్మకుండా శీర్షిక పేజీ వెనుక వైపు చూడండి, అక్కడ కాగితం అతికించి ఉంటే పుస్తకం అక్కడే పెట్టేయండి. మొదటి పాఠంలో ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేకపోయినా, రా అండర్‌స్కోర్ ఇన్‌పుట్ (raw_input) అనే మాట ఎక్కడైనా కనబడినా అది పాత పుస్తకమే. బిల్లు తప్పకుండా అడగండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ కంప్యూటర్ సైన్సు పుస్తకం పైథాన్ 3తోనే ఉంది, వారి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. నేను నిన్నటి నుంచి దానితో మళ్లీ మొదలుపెట్టాను.

నా దగ్గర బిల్లు లేదు కానీ ఫోన్‌లో చెల్లించిన రసీదు, ఆ కాగితం ముక్క ఫోటో ఉన్నాయి. రేపు ఉదయం వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తున్నాను. అదే దుకాణంలో అదే పుస్తకం కొన్నవారు ఎవరైనా ఉంటే, మీ ప్రతిలో ఆ పేజీ ఫోటో తీసి ఉంచుకోండి.