ప్రపంచ ఆవరణ వ్యవస్థల గోడపటం: కొనదగినదే, కానీ మన అడవి పాఠం మనమే చెప్పుకోవాలి

హనుమకొండ చౌరస్తా సమీపంలోని ఒక పుస్తకాల దుకాణంలో మా ఉన్నత పాఠశాల కోసం కొన్న ‘ప్రపంచ ఆవరణ వ్యవస్థలు’ గోడపటాన్ని తొమ్మిది, పది తరగతులకు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న ఈ పటం వెల 450 రూపాయలు. మధ్యలో రంగులు వేసిన ప్రపంచ పటం, దాని చుట్టూ టండ్రా (ధ్రువాల దగ్గరి చెట్లు లేని చలి నేల), టైగా (చలి ప్రాంతపు సూదిమొన ఆకుల అడవి), ఆకురాల్చు అడవులు, గడ్డిభూములు, సవన్నా (అక్కడక్కడా చెట్లున్న ఉష్ణమండల గడ్డిభూమి), ఎడారులు, ఉష్ణమండల వర్షారణ్యాలు ఒక్కొక్కటి ఒక్కో గడిలో ఉన్నాయి. నదులు, సముద్రాలు కలిపి అడుగున ఒక పట్టీలో సర్దారు.

ఇందులో మెచ్చుకోవలసిన మొదటి విషయం ప్రతి గడి మూలన అచ్చు వేసిన రెండు అంకెలు: ఏటా పడే సగటు వర్షం, సగటు ఉష్ణోగ్రత. ఒక ప్రాంతంలో ఏ చెట్టు బతుకుతుంది, ఏ జంతువు తిరుగుతుంది అన్నది చాలావరకు ఈ రెండింటిని బట్టే ఉంటుంది కనుక, బొమ్మలు చూపి పేర్లు బట్టీ పట్టించే పాత పటాల కంటే ఇది ఎంతో నయం. ఎడారుల గడిలో సహారాతో పాటు చలి ఎడారియైన గోబీని, మంచు ఖండమైన అంటార్కిటికాను కూడా చేర్చి, ఏటా 250 మిల్లీమీటర్ల లోపు వర్షం పడే చోటును ఎడారి అంటారని స్పష్టంగా రాశారు. ఎడారి అనగానే ఇసుక, ఒంటె గుర్తుకు వచ్చే పిల్లలు అంటార్కిటికాయే ప్రపంచంలో అతి పెద్ద ఎడారి అన్న మాటను అంత తేలికగా ఒప్పుకోరు. ఆ వాదనలోనే వారికి పాఠం వంటబట్టింది.

వర్షారణ్యం గడి ఈ పటానికే తలమానికం. ఏటా 2000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే అమెజాన్ అడవి కింద నేలను నిలువునా కోసినట్లు చూపిన బొమ్మలో సారవంతమైన పొర పలుచగా, దాని కింద ఎర్రమట్టి మందంగా కనిపిస్తాయి. “ఇంత అడవికి ఇంతేనా మట్టి సార్?” అని ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఆ బొమ్మలోనే ఉంది. ఆ వేడికి, తేమకు రాలిన ఆకు త్వరగా కుళ్లిపోతుంది, అందులోని పోషకాలను వేళ్లు వెంటనే పీల్చుకుంటాయి, మిగిలిన వాటిని వాన కడిగివేస్తుంది. కాబట్టి అక్కడి సారమంతా చెట్లలోనే ఉంటుంది తప్ప నేలలో నిలవదు. పక్క గడిలోని స్టెప్పీ గడ్డిభూమిలో పరిస్థితి తలకిందులు. అక్కడ చలికి గడ్డి వేళ్లు నిదానంగా కుళ్లి, ఏళ్ల తరబడి నల్లటి మట్టిగా పేరుకుంటాయి. ఉక్రెయిన్‌లో గోధుమ అంతగా పండడానికి కారణం ఆ నేలే.

అసలు లోపం ఆకురాల్చు అడవుల గడిలో ఉంది. యూరప్, ఉత్తర అమెరికా శరత్కాలపు ఎర్రటి ఆకుల బొమ్మతోనే అది నిండిపోయింది. ఉష్ణమండలపు ఆకురాల్చు అడవికి దక్కింది ఒక్క వాక్యం. ఏటూరునాగారం, పాఖాల అడవులను రోజూ చూసే పిల్లలకు ఇది చాలదు. పైగా పటంలో ఇచ్చిన ఏడాది వర్షం లెక్క ఒక్కటే పట్టుకుంటే మన అడవి అర్థం కాదు. వరంగల్ ప్రాంతంలో ఏటా పడే వాన వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటుగా ఉంటుంది. లండన్‌లో పడేది దాదాపు 600 మాత్రమే. అయినా అక్కడి పచ్చిక వేసవిలోనూ చాలావరకు పచ్చగా ఉంటుంది, మన టేకు మార్చి నాటికే మోడవుతుంది. లండన్ వాన పన్నెండు నెలలకూ పంచుకుని పడుతుంది, మన వానలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. అక్కడి చెట్టు చలికి ఆకు రాలిస్తే, ఇక్కడి చెట్టు నీటిని కాపాడుకోవడానికి రాలుస్తుంది. ఇప్ప పూసేదీ, తునికాకు కోతకు జనం అడవికి వెళ్లేదీ ఆ ఎండల్లోనే. నెలవారీ వర్షాన్ని చూపే చిన్న గీతల పటం ఒకటి గడిలో పెట్టి ఉంటే సరిపోయేది. నేను దానిని చార్టు కాగితం మీద గీయించి పక్కన అంటించాను.

జలావరణాల పట్టీ విషయంలోనూ పిసినారితనమే కనిపిస్తుంది. భూతలంలో 71 శాతం ఆక్రమించిన సముద్రానికి నాలుగంగుళాల చోటు ఇచ్చారు. పగడపు దిబ్బల బొమ్మ బాగుంది. సముద్రపు అడుగున వేడినీటి ఊటల చుట్టూ సూర్యకాంతితో పని లేకుండా, రసాయనాల నుంచి శక్తి తీసుకునే బాక్టీరియాపై ఆధారపడి బతికే జీవులు 1977లోనే గాలపాగోస్ సమీపంలో బయటపడినా వాటి ఊసే లేదు. చెరువులకు చోటే లేదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల నడుమ పెరిగే పిల్లలకు ఇది లోటే. భద్రకాళి చెరువును కమ్మిన గుర్రపుడెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా అని చెప్పి, ఆ ఖండాన్ని పటంలో చూపించడం ఉపాధ్యాయుని పనే.

అచ్చు నాణ్యత మీద రెండు మాటలు. పైన అంటించిన ప్లాస్టిక్ పొర మెరుపు ఎక్కువ కావడంతో, కిటికీకి ఎదురుగా తగిలిస్తే వెనుక బెంచీల వారికి వెలుగు తప్ప అక్షరాలు కనిపించవు. పక్క గోడకు తగిలించాలి. టండ్రాకు, ధ్రువపు మంచుకు వేసిన రంగులు దాదాపు ఒకటే కావడం వల్ల ఆ రెండింటి సరిహద్దు దూరం నుంచి తెలియదు. ఇదే పటం సగం సైజులో కూడా దొరుకుతోంది కానీ, అందులో మూలల్లోని అంకెలు చదవడం కష్టం, అవి లేకపోతే ఈ పటం కొనడంలో అర్థం లేదు. పెద్దదే తీసుకోండి, డబ్బు చెల్లించే ముందు పటాన్ని పూర్తిగా విప్పించి, కింది కర్ర దగ్గర పొర ఊడి ఉందేమో చూసుకోండి.