డి-76, రోడినాల్, ఎక్స్‌టాల్: ఏళ్లుగా వాడాక నా లెక్క

బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే రసాయనం) అనగానే అందరూ ముందు గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) గురించే అడుగుతారు. నన్నడిగితే, నెలకు ఎన్ని రోల్స్ కడుగుతారో (డెవలప్ చేస్తారో) ముందు అది చూసుకోవాలి. సీసాలోనే పాడైపోయే డెవలపర్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

నేను ఎక్కువగా వాడేది డి-76. పొడిని 50–55 డిగ్రీల వేడి నీళ్లలో కలిపి, చల్లారాక సీసా నిండా పోసి మూత బిగిస్తే 6 నెలలు నిలుస్తుంది. సగం ఖాళీ సీసాలో అయితే 2 నెలలే. అందుకే అలా కలిపిన లీటరు ద్రావణాన్ని (దీన్నే స్టాక్ అంటారు) 250 మి.లీ. సీసాలు నాలుగింటిలో నింపేస్తాను. రోల్‌కి ఒక సీసా, దానికి అన్నే నీళ్లు, వాడాక పారబోయడమే. ట్రై-ఎక్స్ 400 ఫిల్మ్‌కి 20 డిగ్రీల దగ్గర 9 నిమిషాల 45 సెకన్లు. ఆ 500 మి.లీ.లోనే రెండు రోల్స్ వేస్తే సమయం 10 శాతం పెంచాలి.

పలచన ఎందుకంటే, స్టాక్‌లో సోడియం సల్ఫైట్ లీటరుకి 100 గ్రాములుంటుంది. అది వెండి కణాల అంచుల్ని కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ని మెత్తబరుస్తుంది. 1+1లో (ఒక వంతు స్టాక్, ఒక వంతు నీళ్లు) ఆ కరగడం తగ్గుతుంది కాబట్టి గ్రెయిన్ కాస్త తేలినా బొమ్మ పదునుగా వస్తుంది. నాకు ఆ పదునే ఇష్టం.

రెండు మూడు నెలలకో రోల్ కడిగేవాళ్లకి రోడినాల్. 1891 నాటి ఫార్ములా. తెరిచిన సీసా ముదురు గోధుమ రంగుకి తిరిగినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. 1+50 అంటే అర లీటరుకి దాదాపు 10 మి.లీ. మాత్రమే. ఒక్క మి.లీ. తేడా వస్తే పదో వంతు తప్పినట్టే, కాబట్టి సూది లేని సిరంజితో కొలవండి. 100 స్పీడ్ (వెలుతురుకి స్పందించే వేగం) ఫిల్మ్‌కి చాలా బాగుంటుంది, 400కి గ్రెయిన్ గరుకు. 1+100లో గంటసేపు కదపకుండా ఉంచే పద్ధతిని నేను సిఫారసు చేయను: బాగా నల్లబడే చోట ఫిల్మ్ నుంచి వెలువడిన బ్రోమైడ్ అనే రసాయనం కిందికి జారుతూ, జారిన దారిలో డెవలప్‌మెంట్‌ని అణిచేస్తుంది. నెగటివ్ మీద లేత చారలు పడతాయి.

నాణ్యత ఒక్కటే చూస్తే మూడింటిలో ఎక్స్‌టాల్‌దే పైచేయి. గ్రెయిన్ సన్నం, నీడల్లో వివరం ఎక్కువ. కానీ ప్యాకెట్ 5 లీటర్లు. వారం వారం కడిగేవాళ్లకే అది గిట్టుబాటు. పైగా చచ్చిపోయినా రంగు మారదు, చూసి కనిపెట్టలేం. ప్రతిసారీ ట్యాంకులో పోసే ముందు, కలిపిన డెవలపర్‌లో ఫిల్మ్ లీడర్ (రోల్ మొదట్లో బొమ్మలు పడని కొస) ముక్క ఒకటి వెలుతురులోనే ముంచండి. కడిగే సమయంలో సగం గడిచేసరికి చిక్కటి నలుపు రావాలి. బూడిద రంగు దగ్గరే ఆగిపోయిందా, ఆ సీసా పారబోసి కొత్తది కలపండి.