కడపలో కట్టిన ఇల్లు కొంటున్నారా? పన్ను రసీదు చూసి తల ఊపకండి

ఎర్రముక్కపల్లె వైపు 3 సెంట్లలో కట్టిన ఇల్లు పోయిన ఏడాది కొన్నాం. కింద ఒక పోర్షన్, పైన రెండంతస్తులు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీల వివరాలు చూపే పత్రం) తీయించాం, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత రిజిస్ట్రేషన్ పత్రాలు, లాయరుకు చూపించాం. కార్పొరేషన్ మంజూరు చేసిన ప్లాన్ కాపీ అడిగితే అమ్మినాయన మూడు పన్ను రసీదులు టేబుల్ మీద పరిచి, "కార్పొరేషనోళ్లే పన్ను కట్టించుకుంటాండారు కదన్నా, ఇంక ప్లాన్‌తో పనేముంది?" అన్నాడు. మా ఆవిడ నా మోకాలు గిల్లింది. అయినా తల ఊపేశాను.

రెండో అంతస్తు పన్ను మొదటిదానికి రెట్టింపు ఉంది. ఇళ్లు రెండూ ఒకే కొలత. ఎందుకని అడిగితే "అద్దెకిచ్చినాం కదన్నా, అందుకే" అన్నాడు. ఇక్కడే పట్టుకోవాల్సింది! 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నుకు అద్దెతో లెక్క లేదు, రిజిస్ట్రేషన్ విలువను బట్టి వేస్తారు. ఆ రెట్టింపు అనధికార నిర్మాణానికి వేసిన పెనాల్టీ. రసీదులో దానికి వేరే వరుసే ఉంది, నేను చివరి మొత్తం ఒక్కటే చూశాను.

పేరు మార్పిడికి పోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. మంజూరైంది కింద పోర్షన్‌కు, పైన ఒక్క అంతస్తుకే. బెంగళూరులోలా మన దగ్గర ఎఫ్ఏఆర్ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క) అంకె చూసి ఇంత కట్టుకోవచ్చని చెప్పరు. స్థలం కొలత, ముందున్న రోడ్డు వెడల్పు, ఎత్తు, చుట్టూ వదిలే ఖాళీ, వీటిమీదే అంతా తేలుతుంది. మా ప్లాన్‌లో పక్కన మీటరు ఖాళీ చూపించారు. మేస్త్రీని పిలిచి టేపు పెట్టిస్తే అడుగున్నర. అందులోనూ సగం మెట్ల కింద వేసిన కడప బండే తినేసింది.

అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) 10 శాతం లోపు తప్పితే పన్ను మీద 25 శాతం, అది దాటితే 50 శాతం పెనాల్టీ. అనుమతే లేని అంతస్తుకు 100 శాతం. ఒక్కసారి కట్టి వదిలించుకునేది కాదు, సరిచేసేదాకా ఏటా పడుతూనే ఉంటుంది. అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు కూడా. బీపీఎస్‌లో (అనధికార కట్టడాలను రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకం) కట్టేసుకోవచ్చులే అనేవాళ్లుంటారు. ఆ పథకం ఎప్పుడూ తెరిచి ఉండదు, వచ్చినా ఫలానా తేదీకి ముందే కట్టామని రుజువులు చూపాలి.

అడ్వాన్సు ఇవ్వకముందే ప్లాన్, ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు) కాపీలు తీసుకుని వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి చూపించండి. టేపు మీరే పట్టుకెళ్లండి. బంగారం కుదువ పెట్టి, ఉన్న డబ్బులన్నీ ఊడ్చి, ఇంటి లోను లేకుండా కొన్నాం కాబట్టి మాకు బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసే అవకాశమూ లేకపోయింది.

అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లేమో అగ్రిమెంటు ఇంకో ఏడాది పొడిగించమంటున్నారు. ఏం చెప్పాలో తెలియక వారం నుంచి మెట్ల దగ్గర వాళ్లకు ఎదురుపడకుండా తిరుగుతున్నాను.