యూనివర్సిటీ ఈవెంట్లకు గూగుల్ క్యాలెండర్ ఎంతవరకు పనికొస్తుంది?

సెమినార్లు, వర్క్‌షాపులు, స్నాతకోత్సవం తేదీలు తప్పిపోకుండా చూసుకోవడానికి ఇది మంచి సాధనమే, సరిగ్గా కలిపితే. చాలామంది యూనివర్సిటీ ఇచ్చే ఐసీఎస్ ఫైలును (కార్యక్రమాల తేదీలు, సమయాలు ఉండే క్యాలెండర్ ఫైలు) ఇంపోర్ట్ చేసి వదిలేస్తారు. అది ఆ రోజుటి నకలు మాత్రమే. తర్వాత హాలు మారినా, ఉపన్యాసం వాయిదా పడినా అందులో మారదు. కావాల్సింది ఫైలు కాదు, యూనివర్సిటీ క్యాలెండర్ లింకు. కంప్యూటర్‌లో 'ఇతర క్యాలెండర్లు' పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, యూఆర్ఎల్ ఆప్షన్ ఎంచుకుని ఆ లింకు అతికించండి. ఫోన్ యాప్‌లో ఈ సదుపాయం లేదు, ఇది పెద్ద లోటే.

అంతకంటే ఇబ్బంది ఆలస్యం. మార్పులు వచ్చి చేరడానికి గంటలు పడుతుంది, వెంటనే తెప్పించుకునే బటన్ లేదు. సాయంత్రం కార్యక్రమం మధ్యాహ్నం రద్దయితే పాత సమయమే కనిపిస్తూ ఉండొచ్చు. బయల్దేరే ముందు డిపార్ట్‌మెంట్ నోటీసు చూడాల్సిందే. రిమైండర్లు ఆ క్యాలెండర్ సెట్టింగుల్లో విడిగా పెట్టుకోవాలి.