ఎడిన్‌బర్గ్ ఆగస్టు: గది ముంచింది, చర్చి బల్ల తేల్చింది

ఆగస్టులో జరిగే కళల పండుగలకు స్కాట్లండ్‌లోని ఎడిన్‌బర్గ్ వెళ్ళాం. ముందు గది సంగతి చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. రాత్రికి 165 పౌండ్ల చొప్పున మూడు రాత్రులు, శుభ్రం చేసినందుకంటూ ఇంకో 40. మొత్తం 535 పౌండ్లు. ఫోటోలో కిటికీ నిండా కోట ఉంది. తీరా వెళ్తే కిటికీ కింద చెత్తడబ్బాలు! కోట కనబడాలంటే బాత్రూంలో కమోడ్ మీదెక్కి మెడ సాచాలి. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. రెండు సూట్‌కేసులు మోసిన మా వారు ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. ఇక ఆ 40 పౌండ్ల శుభ్రత ఎలాంటిదంటే, మంచం కింద ఎవరిదో సాక్సు. ఓనరుకు మెసేజ్ పెడితే, పండుగ నెలలో ఇదైనా దొరికినందుకు సంతోషించమన్నాడు.

మీరు మాత్రం సెలవుల్లో అద్దెకిచ్చే యూనివర్సిటీ విద్యార్థుల గదులు చూడండి. లేదా పక్క నగరం గ్లాస్గోలో బస చేసి రైల్లో రండి, గంట కూడా పట్టదు.

ఇంకో మాట. 1947లో మొదలైన ఇంటర్నేషనల్ ఫెస్టివల్ వేరు, అదే ఏడు పిలవకుండానే వచ్చిన ఎనిమిది నాటక బృందాలతో పుట్టిన ఫ్రింజ్ అనే పండుగ వేరు. టికెట్లూ వేరే. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కావాలంటే మొదటిదాంట్లో వెతకండి.

మొదటి సాయంత్రం అషర్ హాల్లో ఆర్కెస్ట్రా, బాగుంది. మర్నాడు ఉదయం 11కి క్వీన్స్ హాల్. ఇది 1823 నాటి చర్చి, 1979 నుంచి కచేరీల హాలు. మాకు దొరికింది పాత చర్చి బల్ల, టికెట్ 27 పౌండ్లు. పావుగంటకే నడుం పట్టేసింది. అయితే నలుగురు వాద్యకారులు షూబర్ట్ అనే స్వరకర్త నాలుగు వాద్యాలకు రాసిన క్వార్టెట్ ఎత్తుకోబోతూ ఒక్కసారిగా ఊపిరి పీల్చడం మా బల్లదాకా వినబడింది. మైకు లేదు మరి. చిన్నప్పుడు ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను గానీ, వాయించేవాళ్ళ ఊపిరి ఎప్పుడూ వినలేదు.

అంతవరకూ ముఖం మాడ్చుకున్న మా వారి చెయ్యి ఎప్పుడో తొడ మీద ఎనిమిది దెబ్బల ఆదితాళం మొదలెట్టింది. పక్కనున్న పెద్దావిడ గుర్రుగా చూసింది. నేను మోచేత్తో పొడిచాను, ఆయన ఆపలేదు. విరామంలో ఆవిడే అడిగింది, ఏం లెక్కపెడుతున్నారని. ఈయన నాలుగు దెబ్బల లఘువు, రెండేసి దెబ్బల ద్రుతాలు రెండు వేసి చూపించారు. ఆవిడ శ్రద్ధగా చూసి, "మూడో భాగం మూడు దెబ్బల నడక కదా, మీ ఎనిమిది అందులో ఎలా పట్టింది?" అంది. పట్టలేదని ఒప్పుకుని ఈయన పగలబడి నవ్వారు. ఊళ్ళో దిగిన దగ్గర్నుంచీ అదే మొదటి నవ్వు. ముగ్గురికీ కాఫీలు కూడా ఆయనే తెచ్చారు.

మూడో రోజు ఉదయం మళ్ళీ అక్కడికే వెళ్ళాం. ఈసారి ఆ గదిలోని రెండు దిళ్ళూ సంచిలో పెట్టుకుని.