పుత్తలం రేడియో స్టేషన్ చూడండి, కవరు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి

విజయవాడ నుంచి "మిషన్ టూర్" పేరుతో మమ్మల్ని శ్రీలంక తీసుకెళ్లినాయన టికెట్లు, బస కలిపి మనిషికి 58,000 తీసుకున్నాడు. దానికి బాధ లేదు. రేడియో స్టేషన్‌కి కానుక అంటూ విడిగా ఇంకో 5,000 కవర్లో పెట్టించుకున్నాడు చూడండి, ఒళ్లు మండేది అక్కడే. పుత్తలంలో ట్రాన్స్ వరల్డ్ రేడియో అనే క్రైస్తవ ప్రసార సంస్థ ట్రాన్స్‌మిటర్ చూపించిన పెద్దాయనకి ఆ కవర్ల సంగతే తెలియదు. మా పాస్టరు గారు మొహమాటపడి ఊరుకున్నారు. మా మేనత్త ఊరుకునే రకం కాదు. "మరి మా డబ్బులేవి బాబూ?" అని అందరి ముందే అడిగేసింది. "తర్వాత పంపుతామమ్మా" అన్నాడు టూర్ ఆయన. రసీదు ఇప్పటికీ లేదు. ఫోన్ చేస్తే ప్రార్థనలో ఉన్నానంటాడు.

స్టేషన్‌కి మాత్రం వంక పెట్టలేను. 1954లో అమెరికన్ మిషనరీ పాల్ ఫ్రీడ్ మొరాకోలోని టాంజియర్‌లో ప్రసారాలు మొదలుపెట్టిన సంస్థ ఇది. ఇక్కడ మీడియం వేవ్ 882 కిలోహెర్ట్జ్, 400 కిలోవాట్ల శక్తి. ఉప్పుమళ్ల ఊళ్లో టవర్లు ఎందుకా అనుకున్నాను. తడిసిన ఉప్పునేల మీద రేడియో తరంగం బలం అంతగా తగ్గకుండా దూరం పోతుందట. పైకి వెళ్లిన తరంగాన్ని మాత్రం పగలు పై వాతావరణం మింగేస్తుంది. చీకటి పడ్డాకే పైనుంచి తిరిగి కిందికి వంగి, సముద్రం దాటి మనవైపు వస్తుంది. తెనాలిలో రాత్రిపూట గరగరల మధ్య తెలుగు ప్రసంగాలు విన్న మేనత్త ఆ టవర్ కిందనుంచి ఓ పట్టాన కదల్లేదు. మిగతావాళ్లు వ్యాన్లో కూర్చుని విసుక్కున్నారు.

400 కిలోవాట్లంటే ఒకటిన్నర టన్ను ఏసీలు రెండొందలకు పైగా ఒకేసారి వేసినట్టు. ఆ కరెంటు బిల్లు విశ్వాసులు ఇచ్చే కానుకల్లోంచే కట్టాలి. మధ్యలో ఎవరో జేబులో వేసుకుంటే మండదా మరి?

లాడ్జి సంగతి చెప్పకపోవడమే మంచిది గానీ చెప్తాను. గది 9,500 శ్రీలంక రూపాయలన్నారు. పొద్దున ఏసీకి విడిగా 2,000 వేశారు. షవర్లో ఉప్పునీళ్లు, సబ్బు నురగే రాదు. దోమతెరకి చిల్లులు. అడిగితే అగరుబత్తి ఇచ్చారు! బజార్లో తమిళం మాట్లాడే ముస్లిముల హోటల్లో అన్నం, చేపల పులుసు, కొబ్బరి సంబల్ 650కే కడుపునిండా పెట్టారు. మారు వడ్డిస్తే డబ్బు అడగలేదు. పాస్టరు గారు మళ్లీ నవ్వింది అక్కడే.

వెళ్లాలనుకుంటే స్టేషన్‌కి మీరే ముందుగా రాసి అనుమతి తీసుకోండి. విమానాశ్రయం నుంచి వ్యాను రానూపోనూ మాకు 28,000 శ్రీలంక రూపాయలైంది, వెయిటింగ్‌తో కలిపే మాట్లాడుకోండి. కానుక ఇవ్వాలనిపిస్తే నేరుగా సంస్థకే ఇచ్చి, రసీదు అక్కడే అడిగి తీసుకోండి. రాత్రి పుత్తలంలో ఉండకుండా విమానాశ్రయం దగ్గరున్న నెగొంబోకి వచ్చేయడం నయం.